ఇంటికి కుక్కపిల్ల: మాచవరం నేపథ్యంలో ఒక కుటుంబ నిర్ణయంపై సమీక్ష

ప్రశ్న, దాని పరిధి

ఒక కుటుంబం కుక్కపిల్లను తెచ్చుకోవాలా వద్దా, తెచ్చుకుంటే ఎక్కడి నుంచి, ఏ వయసులో, ఏ ఋతువులో, ఎవరి పూచీ మీద తెచ్చుకోవాలన్న ప్రశ్న పైకి ఆ ఇంటి నాలుగు గోడల మధ్య తేలిపోయే చిన్న విషయంగా కనిపిస్తుంది. విడదీసి చూసినప్పుడు మాత్రం పశువైద్యం, ప్రజారోగ్యం, చట్టం, వ్యవసాయపు పనుల క్రమం, ఆచార సంప్రదాయాలు, ఇంటిపనుల పంపకం అందులో పెనవేసుకుని ఉన్నాయని తెలుస్తుంది. ఈ అంశాలపై వేర్వేరు శాస్త్రాలు ఇప్పటివరకు తేల్చిన విషయాలను ఒకచోట చేర్చి, పల్నాడు జిల్లాలోని మాచవరం వంటి మండల కేంద్రంలో నివసించే కుటుంబానికి అవి ఏ మేరకు వర్తిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పెంపుడు కుక్కల గురించి అందుబాటులో ఉన్న సలహాలలో ఎక్కువ భాగం నగరంలోని అపార్టుమెంటును, మెడపట్టీతో షికారుకు వెళ్లే జాతి కుక్కను ఊహించుకుని రాసినవి. మాచవరం పరిస్థితి వేరు. గుంటూరు జిల్లా నుంచి విడిపడి నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో, సున్నపు పరిశ్రమకు పేరుపడిన పిడుగురాళ్లకు చేరువలో, పత్తి, మిరప పండించే పల్లెల నడుమ ఉన్న ఈ ఊళ్లో చాలా ఇళ్లకు ముందు వాకిలి, వెనుక దొడ్డి, ఊరి బయట చేను ఉంటాయి. ఇటువంటి చోట కుక్క మూడు రకాలుగా బతుకుతుంది: గొలుసుతో కట్టి పెంచే కుక్క ఒకటి, ఒక ఇంట్లో తిని ఊరంతా తిరిగే కుక్క రెండోది, ఎవరిదీ కాని ఊరకుక్క మూడోది. ఈ మూడింటినీ వేరు చేసే గీత గట్టిది కాదు. ఒక ఏడాది పిల్లలు ముద్దు చేసిన కూన మరుసటి ఏటికి ఊరంతా తిరిగే కుక్కగా మారడం, దానికి పుట్టిన పిల్లలు ఎవరికీ చెందకుండా పోవడం పల్లెల్లో మామూలుగా జరిగేదే. కాబట్టి వీధిలోని కుక్కల స్థితి చాలావరకు ఇంటి గడప దగ్గర తీసుకునే నిర్ణయాలను బట్టే ఉంటుందనీ, ఆ నిర్ణయంలో పదేళ్లకు పైగా సాగే పోషణను ఎవరు మోస్తారన్నదే మొదటి ప్రశ్న కాగా జాతి ఏదన్నది చివరి ప్రశ్న అనీ ఈ సమీక్ష ప్రతిపాదిస్తుంది.

బంధం ఎంత పాతది

మనిషి మచ్చిక చేసిన జంతువులలో కుక్కే మొదటిదని, అది వ్యవసాయం కంటే పాతదని పురావస్తు శాస్త్రం చెబుతుంది. జర్మనీలోని బాన్-ఒబర్‌కాసెల్‌లో 1914లో బయటపడిన, సుమారు 14,000 ఏళ్ల నాటి సమాధిలో ఇద్దరు మనుషులతో పాటు దాదాపు ఏడు నెలల కుక్కపిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. ఆ పిల్ల దంతాలను 2018లో పునఃపరిశీలించిన పరిశోధకులు, దానికి డిస్టెంపర్ (ఊపిరితిత్తులనూ నరాలనూ దెబ్బతీసే వైరస్ జబ్బు) సోకిందని, జబ్బుతో ఉన్నన్నాళ్లూ ఎవరో దానికి సపర్యలు చేసి ఉండకపోతే అన్ని వారాలు బతికేది కాదని అభిప్రాయపడ్డారు. వేటకూ కాపలాకూ పనికిరాని, జబ్బుపడిన కూనను సాకిన మనుషులు అంత పాతకాలంలోనే ఉన్నారన్న ఈ ఆధారం, కుక్కను కేవలం ప్రయోజనం కోసమే మనిషి దగ్గరకు తీశాడన్న వాదాన్ని బలహీనపరుస్తుంది.

తెలుగువారికి పరిచితమైన భారతకథ తొలిభాగంలోనే ఒక కుక్కపిల్ల కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి వచ్చిన సారమేయాన్ని, అది ఏ తప్పూ చేయకపోయినా, అతని తమ్ముళ్లు కొట్టి తరుముతారు. దాని తల్లి సరమ రాజు ముందుకు వచ్చి కారణం అడిగి, సమాధానం రాకపోవడంతో అనుకోని భయం ప్రాప్తిస్తుందని శపిస్తుంది. ఆదిపర్వంలో నన్నయ తెలుగు చేసిన ఈ కథలో నోరులేని ప్రాణికి జరిగిన అన్యాయం రాజధర్మానికి సంబంధించిన విషయంగా నిలుస్తుంది. అదే భారతం చివర, తిక్కన తెలుగు చేసిన మహాప్రస్థానంలో, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు పట్టుబడతాడు. వీరగల్లులకు (యుద్ధంలోనో పశువుల రక్షణలోనో మరణించిన వీరుల స్మారక శిలలకు) పేరుపొందిన పల్నాడు నుంచి చూసినప్పుడు, పొరుగున ఉన్న కర్ణాటకలోని ఆతకూరు శిలకు ప్రత్యేక ప్రాధాన్యం కనిపిస్తుంది. పదో శతాబ్దం నాటి, రాష్ట్రకూట మూడో కృష్ణుని కాలపు ఆ శాసనం అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క స్మృతిని పదిలపరిచింది.

తెచ్చుకోవడానికి కారణాలు

మాచవరం వంటి ఊళ్లలో కుక్కపిల్లను తెచ్చుకోవడానికి ప్రధానంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి. మొదటిది పిల్లల కోరిక; రెండోది ఇంటి కాపలా; మూడోది జనవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలకు, చేలో ఉన్న మోటారుకు, గొర్రెల మందకు రాత్రిపూట కాపలా; నాలుగోది జాతి కుక్క ఇంటి ముందు ఉంటే దక్కే హోదా. ఈ నాలుగింటిలో ఏదీ తప్పు కాదు గానీ, ఏ కారణమూ కుక్క జీవితకాలమంతా నిలవదు. పదేళ్ల పిల్లవాడు పదో తరగతి పూర్తికాగానే చదువు కోసం నరసరావుపేటకో గుంటూరుకో వెళ్లిపోతాడు. మిరప కల్లం మూడు నెలల్లో ముగుస్తుంది. హోదా మోజు అంతకంటే ముందే తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క సాధారణంగా పది నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. తెచ్చిన కారణం చెల్లిపోయాక కూడా కుక్క ఆ ఇంట్లో ఉంటుందా అన్న ప్రశ్నకు కుటుంబం ముందుగానే జవాబు చెప్పుకోగలిగితే, మిగిలిన విషయాలు తేలిక అవుతాయి.

కాపలా విషయంలో ఒక అపోహను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కూనగా ఉన్నప్పటి నుంచి ఎవరితోనూ కలవనివ్వకుండా కట్టేసి ఉంచితే కుక్క పౌరుషంగా తయారవుతుందన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. నిజానికి అలా పెరిగిన కుక్కలో పెరిగేది భయం. భయపడ్డ కుక్క దొంగను, పాలు పోసే మనిషిని, ఇంటికి వచ్చిన చుట్టాన్ని వేరుగా గుర్తించలేదు. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి పిల్లలను దాని దగ్గరకు పంపడం కూడా అంతే ప్రమాదకరం, ఎందుకంటే అరుపు చాలాసార్లు భయానికి, కొన్నిసార్లు కాటుకు ముందు చేసే హెచ్చరికకు గుర్తు.

ఎక్కడి నుంచి: జాతి కూన, నాటు కూన

జాతి కుక్క స్వభావం పుట్టుకతోనే ఖాయమై ఉంటుందన్న భావన కూనల వ్యాపారానికి పునాది. అమెరికాలో 18,000కు పైగా కుక్కల ప్రవర్తనను యజమానుల సమాధానాల ద్వారా పరిశీలించి 2022లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాలలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేల్చింది. అంటే లాబ్రడార్ అయినంత మాత్రాన సాధువుగానో, ఊరకుక్క పిల్ల అయినంత మాత్రాన మొండిగానో ఉంటుందని అనుకోవడానికి ఆధారం చాలా తక్కువ. శరీర నిర్మాణం మాత్రం జాతిని బట్టే ఉంటుంది, పల్నాడులో నిర్ణాయకమయ్యేది అదే. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటిగా ఏటా వార్తల్లోకి వచ్చే రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. దట్టమైన బొచ్చు కలిగి చలి దేశాల కోసం రూపొందిన హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి కుక్కలనూ, ముక్కు అణిగి ఉండి ఊపిరి సరిగా ఆడని పగ్ వంటి కుక్కలనూ ఈ ఎండల్లోకి తేవడం వాటిని ప్రతి వేసవిలోనూ ప్రాణాపాయంలోకి నెట్టడమే అవుతుంది.

దేశీయ జాతులపై ఆసక్తి ఇటీవల పెరిగింది. తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోల్ జాతులను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ అధికారికంగా నమోదు చేసింది. తెలుగు నేలకు చెందిన జోనంగి కుక్క కొల్లేరు పరిసరాల్లోనూ కోస్తా జిల్లాల్లోనూ బాతుల మందలను కాయడానికి, వేటకు ఉపయోగపడిన పొట్టి వెంట్రుకల జాతి. చేపల చెరువులు విస్తరించి బాతుల పెంపకం తగ్గడంతో దాని ఉనికి కూడా పలచబడింది. అయితే ఈ జాతుల్లో చాలావరకు పరుగుకూ వేటకూ పుట్టినవి కనుక, వాటిని ఇరుకు వాకిట్లో గొలుసుకు కట్టేయడం కంటే తెచ్చుకోకపోవడమే మేలు.

కొనాలని నిర్ణయించుకున్న కుటుంబం తెలుసుకోవలసిన చట్టం ఒకటుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమావళి ప్రకారం కూనలను పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. సంచిలో పెట్టుకుని వచ్చి నెల కూనను చేతిలో పెట్టే దళారి దగ్గర కొన్నవారు ఆ నియమాన్ని ఉల్లంఘించిన అమ్మకానికి తోడ్పడినట్టే అవుతుంది. రాట్‌వైలర్, పిట్‌బుల్ తదితర 23 రకాల కుక్కల అమ్మకాన్నీ పెంపకాన్నీ నిలిపివేయాలని 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు రాసిన లేఖను, సంబంధిత వర్గాలతో సంప్రదింపులు జరపలేదన్న కారణంపై అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. న్యాయస్థానాల తీర్పు ఎలా ఉన్నా, చిన్నపిల్లలున్న ఇంట్లో తొలి కుక్కగా అంత బలమైన జంతువును ఎంచుకోవడం వివేకం కాదు.

మిగిలిన దారి వీధిలో పుట్టిన నాటు కూన. పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 వీధి కుక్కపిల్లలను అనుసరించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈడుకు వచ్చేదాకా బతికినవి 19 శాతమేనని, మరణాలలో 63 శాతం ఏదో ఒక విధంగా మనుషుల వల్ల జరిగినవేనని తేలింది. వాహనాలు, దెబ్బలు, విషంతో పాటు పాలు మరవకముందే తల్లి నుంచి కూనను ఎత్తుకుపోవడం కూడా ఆ లెక్కలో ఉన్నదన్న విషయం కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాలి, ఎందుకంటే ముద్దొచ్చి ఎత్తుకొచ్చిన మూడు వారాల కూనకు ఆ ప్రేమే హాని చేస్తుంది. ఈ నేల ఎండకూ తిండికీ తరతరాలుగా అలవాటుపడిన నాటు కూనను సరైన వయసులో తెచ్చి, టీకాలు వేయించి, ఆపరేషన్ చేయించి పెంచడం ఆ ప్రాణికీ కుటుంబానికీ ఊరికీ కూడా మేలు చేసే ఎంపిక. హైదరాబాద్‌లో 1992లో ఏర్పడిన బ్లూక్రాస్ వంటి సంస్థలు నగరంలో ప్రచారం చేస్తున్నదీ ఇదే. మాచవరంలో అందుకు సంస్థ కూడా అక్కర లేదు, పక్క వీధిలో ఈనిన కుక్కను ఎనిమిది వారాలు కనిపెట్టుకుని ఉంటే చాలు.

ఏ వయసు, ఏ కార్తె

కుక్కపిల్ల కళ్లు పుట్టిన రెండు వారాలకు తెరుచుకుంటాయి, మూడో వారానికి చెవులు వినిపిస్తాయి. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి కూనలను పరిశీలించిన స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు 1965లో వెలువరించిన గ్రంథంలో, మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉన్న దశను సాంఘికీకరణ దశ అన్నారు. తల్లి, తోడి కూనలు, మనుషులు, చప్పుళ్లు, ఇతర జంతువులు అన్నింటితో భయం లేకుండా మెలగడాన్ని కూన నేర్చుకునే కాలం ఇది. కాటు ఎంత గట్టిగా పెడితే ఎదుటి ప్రాణికి నొప్పి కలుగుతుందో అది తోబుట్టువులతో ఆడుతూ తెలుసుకుంటుంది కాబట్టి, మరీ ముందుగా విడదీసిన కూనలకు పళ్లపై అదుపు తక్కువగా ఉంటుంది. మరీ ఆలస్యంగా, పన్నెండు వారాల తరువాత మాత్రమే మనుషులను చూసిన కూనలకు బెరుకు మిగిలిపోతుంది. ఎనిమిది వారాల నియమం చట్టంలోకి రావడానికి శాస్త్రపరమైన కారణం ఇదే.

ఈ లెక్కను పల్నాడు రైతులకు తెలిసిన కార్తెలతో కలిపి చూస్తే ఒక స్పష్టమైన పట్టిక ఏర్పడుతుంది. వీధి కుక్కలు ఎక్కువగా ఎదకు వచ్చే కాలం అక్టోబరులో వచ్చే చిత్తకార్తె అన్నది తెలుగునాట అందరికీ తెలిసిందే. కుక్క చూలుకాలం సుమారు 63 రోజులు కాబట్టి ఆ ఈతలు డిసెంబరు నడిమికి, సంక్రాంతికి ముందే పడతాయి. అలా పుట్టిన కూనలకు ఎనిమిది వారాలు నిండేది ఫిబ్రవరిలో, అంటే కోటప్పకొండ తిరునాళ్ల జరిగే మహాశివరాత్రి ప్రాంతంలో. టీకాల వరస పూర్తయ్యే పదహారో వారం ఏప్రిల్‌లో వస్తుంది, ఆ వెంటనే మండువేసవి మొదలవుతుంది.

ఇక్కడే వ్యవసాయ కుటుంబానికి ఒక చిక్కు ఎదురవుతుంది. కూన ఇంటికి రావడానికి అనువైన ఫిబ్రవరి, మార్చి నెలలే మిరప కోతలు, కల్లాల పని ముమ్మరంగా ఉండే నెలలు; పెద్దలందరూ తెల్లవారకముందే చేలకు వెళితే రోజుకు నాలుగు సార్లు తిండి పెట్టవలసిన కూన ఒంటరిగా మిగిలిపోతుంది. ఇంటిపట్టున ఉండే నాయనమ్మో తాతయ్యో బాధ్యత తీసుకోవడానికి సిద్ధంగా ఉంటే ఆ ఏడాది తెచ్చుకోవచ్చు, లేకపోతే వాయిదా వేయడమే ఉత్తమం. వేసవి సెలవుల్లో పిల్లలకు కాలక్షేపంగా ఉంటుందని ఏప్రిల్ చివర కూనను తెచ్చే అలవాటు రెండు విధాల నష్టం చేస్తుంది: కూన తొలిరోజులు వడగాడ్పుల్లో గడుస్తాయి, జూన్‌లో బడి తెరిచాక అది ఒక్కసారిగా ఒంటరిది అవుతుంది.

టీకాలు, రేబిస్

కూనలను ఎక్కువగా బలిగొనే జబ్బు పార్వో. 1978 ప్రాంతంలో మొదటిసారి గుర్తించిన ఈ వైరస్ వాంతులు, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీయగలదు, నేలలో నెలల తరబడి చావకుండా ఉండగలదు. అందువల్ల వాకిట్లో ఒక కూన ఈ జబ్బుతో చనిపోయి ఉంటే, ఆ చోటును బ్లీచింగ్ పౌడరు నీటితో శుభ్రం చేయకుండా, టీకా వేయించకుండా మరో కూనను తేకూడదు. పార్వో, డిస్టెంపర్, కాలేయ జబ్బులకు కలిపి ఇచ్చే టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల దాకా వేయిస్తారు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షక పదార్థాలు కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పనిచేయదు, అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కో కూనకు ఒక్కోలా ఉంటుంది. ఒక్క సూదితో సరిపెట్టకుండా వరసగా వేయడానికి కారణం ఇదే. నులిపురుగుల మందు రెండో వారం నుంచే అవసరం; ఆ పురుగుల గుడ్లు మట్టి ద్వారా పిల్లల కడుపులోకి చేరగలవు కనుక ఇది కూనకే పరిమితమైన విషయం కాదు.

రేబిస్ విషయం వేరుగా చెప్పుకోవలసినంత పెద్దది. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లనే వస్తుందనీ, బాధితుల్లో 5 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఎక్కువగా ఉంటారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు చికిత్స దాదాపు లేనట్టే. అంతకుముందు మాత్రం పూర్తిగా నివారించవచ్చు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల బాలుడికి మొదటి టీకా వేయించాడు. 1907లో కూనూరులో ఏర్పడిన పాశ్చర్ సంస్థ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి ఈ టీకాను అందుబాటులోకి తెచ్చింది. గొర్రె మెదడు కణజాలంతో తయారై బొడ్డు చుట్టూ వేసే పాతకాలపు సూదులను దేశంలో 2005 నాటికి ఆపేశారు. ఇప్పుడు జబ్బకు వేసే టీకాలు నాలుగైదు విడతల్లో ముగుస్తాయి, వాటిలో కొన్నింటిని హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారు చేస్తోంది. అయినా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం ఇంకా కొందరిని ఆసుపత్రికి వెళ్లనివ్వడం లేదు.

పెంపుడు కూనకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఏడాదికి మళ్లీ ఒకటి, ఆ తరువాత వైద్యుడు చెప్పిన వ్యవధిలో వేయించడం తప్పనిసరి. ప్రపంచ జూనోసిస్ దినోత్సవమైన జూలై 6న (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులను జూనోసిస్ అంటారు) పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఈ టీకాను ఉచితంగా వేసే ఆనవాయితీ ఉంది. టీకా పడని కూన కరిచినా, గోళ్లతో గీరినా, చిన్నది కదా అని ఊరుకోకూడదు, ఎందుకంటే వీధిలో పుట్టిన కూనకు కూడా రేబిస్ సోకి ఉండవచ్చు. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. నెత్తురు వచ్చే గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే, వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే సిద్ధ రక్షక మందు కూడా అవసరం. మిరప పొలాలూ సున్నపు బట్టీలూ ఉన్న ఈ ప్రాంతంలో కారం, సున్నం చేతికి తేలికగా అందుతాయి. కాటుకు వాటిని పూయడం మేలు చేయదు సరికదా, గాయాన్ని రేపి హాని చేస్తుంది.

తిండి, ఎండ, చేను

కుక్కకు మాంసమే ఆహారమనీ, అన్నం పెడితే బలం ఉండదనీ చెప్పేవారున్నారు. తోడేలు, కుక్క జన్యువులను పోల్చి 2013లో నేచర్ పత్రికలో ప్రచురించిన స్వీడన్ పరిశోధన, పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైముకు సంబంధించిన జన్యువు కుక్కలో అనేక ప్రతులుగా పెరిగిందని, మనుషుల గింజల తిండికి కుక్క శరీరమే సర్దుకుందని చూపింది. కనుక అన్నం, రాగి సంకటి, పెరుగు, ఉడికించిన గుడ్డు, కారం ఉప్పు లేని కోడిమాంసం కలిపి పెట్టే ఇంటి తిండి తప్పుడు తిండి కాదు. పెరిగే కూనకు అందులో మాంసకృత్తులు తగినంత ఉండేలా చూడాలి, అంతే. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం కుక్కకు విషంతో సమానం. ఉడికిన కోడి ఎముక పగిలి సూదిలా పేగులకు గుచ్చుకోగలదు కాబట్టి విందు మర్నాటి విస్తరి కూనకు పెట్టకూడదు.

కుక్కకు మనిషిలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అది ఎక్కువగా నాలుక చాపి ఒగర్చడం ద్వారా వేడిని వదిలించుకుంటుంది. రేకుల పంచ కింద మిట్టమధ్యాహ్నం గొలుసుకు కట్టిన కూనకు వడదెబ్బ తగలడానికి ఎంతోసేపు పట్టదు. నీడ, గాలి, ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ల తొట్టి ఈ జిల్లాలో కుక్కకు ఉండవలసిన కనీస వసతులు. వానాకాలంలో గోమార్లు ముఖ్యమైన శత్రువులు. నెత్తురు తాగే ఈ పురుగులు జ్వరం, రక్తహీనత తెచ్చే సూక్ష్మజీవులను కూనలోకి ఎక్కిస్తాయి. చేను కాపలాకు ఉద్దేశించిన కుక్కకు మరో ప్రమాదం పురుగుమందు. పత్తికీ మిరపకూ కొట్టిన మందు డబ్బాలు, కలిపిన బకెట్లు, ఎలుకల మందు పెట్టిన ఎర కూనకు అందితే ప్రాణం నిలవదు. ఇటువంటి సమయాల్లో మండలాల్లో తిరిగే పశువైద్య అంబులెన్సును 1962 నంబరు ద్వారా పిలవవచ్చు.

పని ఎవరిది, ఆచారం ఏమంటుంది

కుక్కపిల్లను అడిగేది పిల్లలు, తెచ్చేది తండ్రి, సాకేది తల్లి అన్న క్రమం చాలా కుటుంబాల్లో కనిపిస్తుంది. అప్పటికే వంట, పశువులు, పొలం పని మోస్తున్న స్త్రీ సమ్మతి అడగకుండా తెచ్చిన కూన ఆమెకు అదనపు చాకిరీ అవుతుంది, ఆ విసుగు చివరకు కూన మీదనే పడుతుంది. కాబట్టి ఇంట్లో ఎక్కువసేపు ఉండే వ్యక్తి మాటకే ఈ నిర్ణయంలో ఎక్కువ బరువు ఉండాలి. పదేళ్లు దాటిన పిల్లలకు నీళ్లు మార్చడం, మలం ఎత్తి పూడ్చడం, దువ్వడం అప్పగించవచ్చు గానీ, టీకాల తేదీలు, జబ్బు, ఖర్చు పెద్దల బాధ్యతగానే ఉండాలి.

మడి, ఆచారం పాటించే ఇళ్లలో కుక్క వంటింట్లోకి, దేవుడి గదిలోకి రాకూడదన్న నియమం ఉంటుంది. పల్నాడులోని ముస్లిం కుటుంబాల్లో కుక్క లాలాజలం తగిలిన చోటును శుద్ధి చేసుకునే నియమం ఉండగా, వేటకూ మందకూ చేనుకూ కాపలాగా కుక్కను పెంచడాన్ని ఇస్లాం సంప్రదాయం అనుమతిస్తుంది. ఈ నియమాలు కూనను తిరస్కరించడానికి కారణాలు కావు. వాకిట్లోనో వసారాలోనో దానికంటూ నీడ ఉన్న చోటు ఏర్పాటు చేసి, మనుషులతో రోజూ కొంతసేపు గడిపే వీలు కల్పిస్తే, గదుల్లోకి రాకపోవడం వల్ల కుక్కకు వచ్చే లోటు ఏమీ ఉండదు. ఇంట్లో పెద్దలు మనసారా ఒప్పుకోకుండా, కొన్నాళ్లకు వారే అలవాటు పడతారన్న ధీమాతో తెచ్చిన కూనలకే వీధిన పడే ప్రమాదం ఎక్కువ.

ఆడకూన, ఆపరేషన్, వీధి

ఒక ఈతలో పుట్టిన కూనలలో మగవాటిని ముందుగా ఎంచుకుని ఆడవాటిని చెరువు గట్టునో సంత దగ్గరో వదిలేయడం పల్లెల్లో పాతుకుపోయిన అలవాటు. ఆడకుక్క ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తుంది, ఒక్కో ఈతలో నాలుగైదు కూనలు మామూలు. వదిలేసిన ఆడకూనల నుంచే వీధి కుక్కల సంఖ్య పెరుగుతుంది. ఆడకూనను తెచ్చి, పశువైద్యుడు సూచించిన వయసులో గర్భసంచి తొలగించే ఆపరేషన్ చేయించిన కుటుంబం ఊరికి చేసే మేలు, మగ కూనను తెచ్చిన కుటుంబం చేసే మేలు కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఈ ఆపరేషన్ వల్ల గర్భాశయంలో చీము పట్టే జబ్బు కూడా తప్పుతుంది.

చట్టం కూడా ఈ బాధ్యతను యజమానిపైనే ఉంచింది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువుల టీకాలకూ సంతాన నిరోధానికీ యజమానిని బాధ్యుణ్ని చేశాయి. తగిన కారణం లేకుండా జంతువును వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరం, అయితే తొలి నేరానికి ఆ చట్టం విధించే జరిమానా నేటికీ పది నుంచి యాభై రూపాయల మధ్యనే ఉంది. పెంపుడు జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటుంది. హైదరాబాద్ అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించినప్పటి నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ తీవ్రమైంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, రేబిస్ సోకినవి, దాడి స్వభావం ఉన్నవి మినహా మిగిలిన వీధి కుక్కలను ఆపరేషన్, టీకా తరువాత పట్టిన చోటనే వదలాలని చెబుతూ, దత్తత తీసుకున్నవారు ఆ కుక్క మళ్లీ వీధికి రాకుండా చూడాలని కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. ఈ రెండు ఆదేశాలనూ కలిపి చదివితే, వీధిని చక్కదిద్దే పని ప్రభుత్వానిదైతే, వీధికి కొత్త కుక్కలు చేరకుండా చూసే పని ప్రతి ఇంటిదీ అని అర్థమవుతుంది.

ముగింపు

పైన సమీక్షించిన ఆధారాలన్నీ కలిపి చూస్తే, కుటుంబం తనను తాను అడగవలసిన ప్రశ్నలకు ఒక వరస ఏర్పడుతుంది. పిల్లలు పెద్దవారై వెళ్లిపోయాక కూడా కుక్కను చూసుకునేవారు ఉన్నారా అన్నది మొదటిది. ఇంటిపట్టున ఉండేవారు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారా అన్నది రెండోది. కూనకు ఎనిమిది వారాలు నిండే సమయానికి పొలం పనులు తీరుబడి ఇస్తాయా అన్నది మూడోది. టీకాలకూ ఆపరేషన్‌కూ డబ్బు, వైద్యుడి దగ్గరకు వెళ్లే వీలు ఉన్నాయా అన్నది నాలుగోది. ఈ నాలుగింటికీ అవునన్న జవాబు వచ్చాకనే ఏ కూన అన్న ప్రశ్న రావాలి, అప్పుడు మాచవరం వంటి ఊరికి తగిన జవాబు చాలావరకు ఆ ఊరి వీధిలోనే, అందులోనూ ఆడకూనలోనే దొరుకుతుంది. ఏ ఒక్కదానికి కాదన్న జవాబు వచ్చినా ఆ ఏడాదికి ఆగడం ప్రేమ లేకపోవడం కాదు. పక్క వీధిలో ఈనిన కుక్కకు తిండి పెట్టి, దాని కూనలకు టీకా వేయించడం ద్వారా ఆ ప్రేమను చూపవచ్చు.

కుటుంబాల వివేకం ఒక్కటే సరిపోదు. గేదెలు, గొర్రెలే ప్రధానంగా వైద్యం పొందే మండల పశువుల ఆసుపత్రుల్లో కుక్కల ఆపరేషన్లు క్రమం తప్పకుండా జరిగే ఏర్పాటు, ఏడాదికి ఒక్క జూలై 6తో ఆగకుండా చిత్తకార్తె ఈతల కూనలకు మూడు నెలలు నిండే మార్చి నెలలో ఊరూరా రేబిస్ టీకా శిబిరం, పంచాయతీ దగ్గర పెంపుడు కుక్కల నమోదు పుస్తకం, బడిలో కుక్కకాటుపై పాఠం అనే నాలుగు పనులు పెద్ద ఖర్చు లేనివి. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని భారతదేశం 2021లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక నెరవేరడం, ఇటువంటి పనులు మాచవరం వంటి ప్రతి మండల కేంద్రంలో జరగడంపైనా, కూనను ఎత్తుకునే ముందు ప్రతి ఇంట్లోనూ పైన చెప్పిన ప్రశ్నలు అడగడంపైనా ఆధారపడి ఉంది.